పాటతో టెన్స్ మిషన్ నడపాలంటే: పాట కరెంటును తగ్గించాలి, పెంచకూడదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలకొల్లు దగ్గర ఊళ్లో ఉండే మీ నాన్నగారికి మోకాలి నొప్పి. ఫిజియోథెరపిస్టు రోజూ అరగంట టెన్స్ (చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా సన్నటి కరెంటు పంపి నొప్పిని మరిపించే మిషన్) పెట్టుకోమన్నారు. పది నిమిషాలు కాగానే ఆయన ‘ఈ చీమలు పాకడం నావల్ల కాదు’ అని ప్యాడ్లు పీకేస్తున్నారు. ఆయనకు మృదంగం అంటే ప్రాణం కాబట్టి కరెంటు కూడా పాటతో పాటు లేచి పడుతుంటే ఓపిగ్గా కూర్చుంటారని మీకు అనిపించింది. ఇంట్లో పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఉంది, స్పీకర్ వైర్ల చివర ప్యాడ్లు కట్టేస్తే సరిపోతుందా అని అడిగారు.

ఆలోచన మంచిదండీ. ఆంప్లిఫయర్ మాత్రం వద్దు. ఇప్పటికే కట్టి ఉంటే ఇది పూర్తిగా చదివేలోపే విప్పేయండి.

నేను ఇరవై ఏళ్లకు పైగా భీమవరం, నరసాపురం, రాజోలు, అమలాపురం మధ్య తిరుగుతూ ఫిజియోథెరపీ మిషన్లు రిపేరు చేస్తున్నాను. డాక్టర్ని కాదు. ప్యాడ్లు ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి అన్నది మీ ఫిజియో చెప్పిందే ఖాయం. మిషన్ లోపల ఏం జరుగుతుంది, పాటను దానికి ఎలా కలపాలి అన్నంత వరకే నేను చెప్పగలను.

ముందు మీ ఆలోచన ఎందుకు మంచిదో చెప్తాను. ఒకే తీరు కరెంటు కాసేపు తగిలితే నరం దానికి అలవాటు పడిపోతుంది. పది నిమిషాలయ్యాక ఏమీ తగలనట్టు ఉంటుంది, నాబ్ ఇంకాస్త పెంచాలనిపిస్తుంది. అందుకే చాలా టెన్స్ మిషన్లలో మాడ్యులేషన్ అని ఒక మోడ్ ఉంటుంది. పల్స్ (ఒక్కో కరెంటు తట్టు) వేగాన్నో, బలాన్నో మిషనే కొంచెం కొంచెంగా మారుస్తూ పోతుంది. మీరు పాటతో చేయాలనుకుంటున్నదీ అదే పని. తేడా ఒక్కటే, మిషన్ చేసే మార్పు గడియారంలా ఒకే తీరుగా ఉంటుంది, పాట చేసే మార్పుకు ప్రాణం ఉంటుంది. పాట కలిపితే నొప్పి ఎక్కువ తగ్గుతుందని మాత్రం నేను మాటివ్వను. మనిషి అరగంట కదలకుండా కూర్చుంటే వైద్యం పూర్తిగా అందుతుంది. మనకు కావలసింది అదే.

కరెంటుతో నొప్పిని మరిపించడం కొత్త విషయం కూడా కాదు. మొదటి శతాబ్దంలోనే స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పికీ, కీళ్లవాతానికీ కరెంటు కొట్టే సముద్రపు చేపను వాడమని రాశాడు. ఆ జాతి చేపలు మన బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. విశాఖపట్నంలో ఉండి మన తీరపు చేపలకు బొమ్మలు వేయించిన పాట్రిక్ రస్సెల్, 1803లో అచ్చయిన తన గ్రంథంలో వాటిని ఇక్కడి జాలర్ల మాటతోనే ‘తిమిరి’ అని రాసుకున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కించే చేప కాబట్టి ఆ పేరు. ఇప్పుడు మనం వాడే టెన్స్‌కు దారి వేసింది 1965లో రొనాల్డ్ మెల్‌జాక్, పాట్రిక్ వాల్ చెప్పిన గేట్ సిద్ధాంతం. స్పర్శను మోసే లావు నరాలు గట్టిగా పనిచేస్తుంటే వెన్నుపాములో నొప్పి వార్త వెళ్లే తలుపు కొంత మూసుకుంటుందన్నది దాని సారం. దెబ్బ తగిలిన చోట మనం గబగబా రుద్దుకోవడం కూడా అలాంటిదే. టెన్స్ ఆ రుద్దే పనిని కరెంటుతో చేస్తుంది. స్పర్శ నరాలను లేపాలి, నొప్పి నరాలను ముట్టుకోకూడదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఆంప్లిఫయర్ సంగతి. టెన్స్ మిషన్ ఇచ్చే పల్స్ చాలా పొట్టిది, 50 నుంచి 250 మైక్రోసెకండ్ల లోపు ఉంటుంది. సెకనుకు 80, 100 సార్లు అలా తట్టి వదిలేస్తుంది. అంత పొట్టి పల్స్‌కు స్పర్శ నరాలు తేలిగ్గా లేస్తాయి, నొప్పి నరాలు అంత తేలిగ్గా లేవవు. పాటలో బేస్ 50 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. ఆ అలలో ఒక సగం 10 మిల్లీసెకండ్లు, అంటే 10,000 మైక్రోసెకండ్లు. 200 మైక్రోసెకండ్ల పల్స్‌కు 50 రెట్లు. అంతసేపు తోస్తే నొప్పి నరాలూ లేస్తాయి, కండ కూడా పట్టేస్తుంది. నొప్పి తగ్గించడానికి పెట్టిన ప్యాడ్ దగ్గరే కొత్త నొప్పి మొదలవుతుంది.

అంతకన్నా పెద్ద భయం డీసీ, అంటే ఆగకుండా ఒకే దిక్కుకు పారే కరెంటు. ఆంప్లిఫయర్లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతే స్పీకర్ వైర్ల మీదకు నేరుగా సప్లయి వోల్టేజీ వచ్చేస్తుంది. అదే స్పీకర్ అయితే కాయిల్ మాడి వాసన వస్తుంది, మనం స్విచ్ కట్టేస్తాం. ప్యాడ్లు ఉంటే ఆ డీసీ చర్మంలోంచి పోతుంది. ఒక ప్యాడ్ కింద క్షారం, రెండో దాని కింద ఆమ్లం పుట్టి చర్మాన్ని లోపలి నుంచి కాలుస్తాయి. కొన్ని మిల్లీఆంపియర్ల డీసీ చాలు, కాస్త సమయం దొరికితే. ఒకచోట ఇలాగే ఆంప్లిఫయర్‌తో ప్రయోగం చేసిన మనిషి పిక్క చూశాను. ప్యాడ్ సైజులో నలుచదరంగా చర్మం బొబ్బలెక్కింది. ‘అంత మంటేం లేదండి, కాస్త చురుక్కుమంది, పాట వింటూ ఉండిపోయాను’ అన్నాడాయన. ఆ పుండు మానడానికి వారాలు పట్టింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఎవరు అడిగినా మొదటి మాట అదే చెప్తున్నాను.

మన వైపు కరెంటు తీరు మీకు తెలిసిందే. చెరువుల మీద ఏరేటర్లు అన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే ఇంట్లో లైట్లు మినుక్కుమంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకర్లో ‘టప్’ మని ఒక దెబ్బ వినిపిస్తుంది కదా, ప్యాడ్లు కట్టి ఉంటే ఆ టప్ మీ నాన్నగారి మోకాలిలో పడుతుంది. ‘ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయి ఆపేసే స్విచ్) పెట్టించాం, పర్లేదు’ అని కొందరు అంటారు. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ మామూలుగా 30 మిల్లీఆంపియర్లు భూమిలోకి లీకైతే పడిపోతుంది. ఒక ప్యాడ్‌లోంచి ఒంట్లోకి వెళ్లి రెండో ప్యాడ్‌లోంచి తిరిగి వచ్చే కరెంటు దాని దృష్టిలో లీకేజీ కాదు. అది ఎంత ఎక్కువైనా ఆర్‌సీసీబీ కదలదు.

సరే, ఆంప్లిఫయర్ పక్కన పెట్టేశాం. మరి పాట నరానికి ఎలా చేరాలి?

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పాటలోని స్వరమే నరానికి వినిపించాలనుకుంటారు. నరం చెవి లాంటిది కాదు. ఒకసారి స్పందించాక దాదాపు ఒక మిల్లీసెకండు పాటు అది ఇంకోసారి లేవలేదు. మగ గొంతు ఆధార షడ్జం 130 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, తారస్థాయికి వెళ్తే అది రెట్టింపు, దాని పైన వేణువు, వయొలిన్, తాళాల మెరుపు వేల హెర్ట్జ్‌లకు పోతాయి. ఆ పై శబ్దాల ఒక్కో అలను నరం వెంబడించలేదు. ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ మిషన్లు దీని మీదే నడుస్తాయి. అవి 4,000 హెర్ట్జ్ దగ్గర రెండు కరెంటులు పంపి, వాటి మధ్య తేడాగా పుట్టే సెకనుకు వంద లోపు ఊపునే నరానికి తగిలేలా చేస్తాయి. అంటే నరానికి అర్థమయ్యేది ఊపు. రాగం చెవికి వదిలేయండి, లయ మోకాలికి ఇవ్వండి.

అందుకని పాటలోంచి మనం తీసుకోవలసింది దాని గట్టితనం లేచి పడే తీరు ఒక్కటే. మా భాషలో దాన్ని ఎన్వలప్ అంటాం. పాట సిగ్నల్‌ను డయోడ్‌తో ఒక వైపుకు తిప్పి, చిన్న కెపాసిటర్‌తో నున్నగా చేస్తే అది వస్తుంది. పల్స్‌లు మాత్రం ఎప్పటిలాగే టెన్స్ మిషనే పుట్టిస్తుంది. వాటి వెడల్పు, వేగం ఏవీ మారవు. పాట ముట్టుకునేది పల్స్ ఎత్తును మాత్రమే. ఇలా చేస్తే 10,000 మైక్రోసెకండ్ల తోపుడు అనేదే ఉండదు. పాట ఎంత మోటుగా ఉన్నా ఒంటికి తగిలేది ఆ పొట్టి పల్సే.

ఇక అసలు నియమం. నాబ్‌తో మీరు ఎక్కడ ఆపారో అదే గరిష్ఠం. పాట అక్కడి నుంచి కిందికి తగ్గించగలగాలి, పైకి ఒక్క గీత కూడా పెంచలేకపోవాలి. ఆడియో ఇన్‌పుట్ ఉన్న మిషన్ కొన్నా, ఎవరితోనైనా కట్టించినా, ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: పాట పూర్తి వాల్యూమ్‌లో ఉన్నప్పుడు అవుట్‌పుట్ నాబ్ చూపించే దానికన్నా ఎక్కువ వస్తుందా? వస్తుందంటే ఆ మిషన్ వద్దు. కొన్నిటిలో పాట సిగ్నల్ నాబ్ వోల్టేజీకి కలుస్తుంది. పల్లవి నెమ్మదిగా ఉన్నప్పుడు సుఖంగా అనిపించి నాబ్ పెంచుతారు, చరణం మధ్యలో డోలు ఒక్కసారి మోగేసరికి కాలు ఎగిరిపడుతుంది.

కింది హద్దు గురించి ఎవరూ చెప్పరు, అనుభవంలో నాకు దానితోనే ఎక్కువ పని పడింది. నాబ్ మీద మీ నాన్నగారికి 5 దగ్గర జిల్లుమనడం మొదలై, 8 దగ్గర హాయిగా ఉండి, 9 దగ్గర పట్టేసినట్టు అవుతోందనుకుందాం. ఆయనకు పనికొచ్చే జాగా 5కీ 8కీ మధ్య ఉన్న మూడు గీతలే. పాట కరెంటును 8 నుంచి సున్నా దాకా దించేస్తుంటే సగం సేపు ఏమీ తగలదు, తర్వాత ఉన్నట్టుండి తగులుతుంది. అది తాళంలా ఉండదు, ఎవరో మాటిమాటికీ గిల్లుతున్నట్టు ఉంటుంది. కాబట్టి పాట ఎంత మెల్లగా ఉన్నా 5కు కాస్త పైనే ఆగాలి. పాట పూర్తిగా ఆగిపోతే 5 దగ్గర సన్నగా నడుస్తుండాలి. నాబ్ నిలబెట్టిన ఎత్తులో 60, 65 శాతం నుంచి 100 శాతం మధ్య పాట ఆడుకుంటే చాలు. వినడానికి చిన్న తేడా అనిపిస్తుంది, ఒంటికి అది చాలా పెద్ద తేడా.

దీన్ని కట్టించే పద్ధతి ఒకటి చెప్తాను, సోల్డరింగ్ బాగా తెలిసినవాళ్లతోనే చేయించండి. ఒక ఎల్‌ఈడీని, ఒక ఎల్‌డీఆర్‌ను (వెలుగును బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) ఎదురెదురుగా నల్లటి గొట్టంలో మూసేస్తారు. పాట ఎన్వలప్ ఎల్‌ఈడీని వెలిగిస్తుంది, వెలుగు పడితే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఆ ఎల్‌డీఆర్‌ను నాబ్ నుంచి వచ్చే కంట్రోల్ వోల్టేజీ దారిలో సీరీస్‌లో పెట్టించాలి. పాట వైపుకూ మనిషి వైపుకూ మధ్య వైరు సంబంధమే ఉండదు, దాటేది వెలుగు ఒక్కటే. ఎల్‌ఈడీ కాలిపోయినా, జాక్ ఊడిపోయినా చీకటే అవుతుంది కాబట్టి కరెంటు తగ్గుతుంది గానీ పెరగదు. ఎల్‌డీఆర్ మీద ఎంత వెలుగు పడినా అది నాబ్ ఇచ్చిన దానికన్నా ఎక్కువ పంపలేదు, అంటే పై హద్దు తనంతట తానే వచ్చేసింది. ఎల్‌డీఆర్‌కు ప్యారలల్‌గా ఒక మామూలు రెసిస్టర్ పెడితే కింది హద్దు కూడా వస్తుంది. ఎల్‌డీఆర్ స్వభావంగానే కొంచెం మందకొడి, వెలుగు పోయాక నెమ్మదిగా చల్లారుతుంది, ఆ మందం కూడా మనకు మేలే. లేచేటప్పుడు 30 నుంచి 50 మిల్లీసెకండ్లు, దిగేటప్పుడు 300 మిల్లీసెకండ్ల దాకా ఉంటే ఒంటికి దెబ్బలా కాకుండా అలలా తగులుతుంది.

ఇది గుండ్రంగా తిరిగే నాబ్ ఉండి, ఆ నాబ్ లోపలి సర్క్యూట్‌కు కంట్రోల్ వోల్టేజీ ఇచ్చే రకం మిషన్లకే కుదురుతుంది. కొన్నిటిలో ప్యాడ్లకు వెళ్లే కరెంటు నేరుగా నాబ్‌లోంచే పోతుంది. అలాంటి వాటిలో చెయ్యి పెట్టకూడదు. ప్లస్, మైనస్ బటన్లు ఉన్న డిజిటల్ మిషన్లలోనూ ఇది కుదరదు. ఫిజియో అద్దెకిచ్చిన మిషన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. విప్పిన మిషన్‌కు వారంటీ పోతుంది, అది పాస్ అయిన సేఫ్టీ పరీక్షలన్నీ ఆ క్షణంతో చెల్లకుండా పోతాయి. నన్నడిగితే, డబ్బుకు వీలుంటే తయారీలోనే ఆడియో ఇన్‌పుట్ ఉన్న, బ్యాటరీతో నడిచే మిషన్ తీసుకోవడం మేలు. కట్టిన దాన్ని గానీ కొన్న దాన్ని గానీ ముందు మనిషికి పెట్టకండి. ప్యాడ్ల బదులు 1 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలించి, ఆసిలోస్కోపు (కరెంటు అలలను తెర మీద చూపించే పరికరం) ఉన్న టీవీ మెకానిక్ దగ్గర పాట పెట్టి చూడండి. పాట ఎంత గట్టిగా ఉన్నా పల్స్ ఎత్తు నాబ్ గీత దాటకపోతేనే ఇంటికి తీసుకెళ్లండి. తర్వాత మీ ముంజేతికి, రెండు ప్యాడ్లూ ఒకే చేతికి పెట్టుకుని చూసి, ఆ తర్వాతే నాన్నగారికి.

మైకుతో పాట పట్టే మిషన్లు కూడా దొరుకుతాయి. వైరు గొడవ లేదని బాగుంటుంది గానీ మన ఇళ్లలో పనికిరావు. కుక్కర్ కూత వేస్తే అది కూడా పాటే దానికి. పక్క వీధిలో వినాయకుడి ఊరేగింపు డీజే వెళ్తే ఇంకా చెప్పక్కర్లేదు. పైగా వీటిలో చాలావాటికి చప్పుడు తగ్గితే తమంతట తామే చెవులు రిక్కించే గుణం ఉంటుంది. నిశ్శబ్దం తర్వాత తలుపు చప్పుడు కూడా పెద్ద దెబ్బగా తగులుతుంది.

ఫోన్ నుంచి మిషన్‌కు పాట ఇచ్చేటప్పుడు రెండు సంగతులు. ఒకటి, గోడకు కలిసి ఉన్నదేదీ ఈ గొలుసులో ఉండకూడదు. రెండు పిన్నుల చార్జర్ పెట్టిన లాప్‌టాప్ ఇనుప భాగం మీద వేలు రాస్తే జిలజిలమంటుంది, మీరూ గమనించే ఉంటారు. ఆ లీకేజీ ఆడియో వైరులోంచి కూడా నడుస్తుంది. ఫోన్ చార్జింగ్‌లో ఉండకూడదు, మిషన్ బ్యాటరీ మీదే నడవాలి, పాట వినే స్పీకరు కూడా బ్యాటరీదే కావాలి. నాకు నచ్చిన పద్ధతి, బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ రిసీవర్ తీసుకుని, దాని 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు వై ఆకారపు పిన్ పెట్టి, ఒక కొస మిషన్‌కూ ఇంకో కొస స్పీకరుకూ ఇవ్వడం. బ్లూటూత్‌లో పాట కాస్త ఆలస్యంగా వస్తుంది, అయినా చెవికీ మోకాలికీ ఒకే ఆలస్యం కాబట్టి తాళం తప్పదు. స్పీకరును ఫోన్ నుంచి వేరేగా నడిపితే చెవి ముందు, కాలు వెనక అవుతుంది. మృదంగం తెలిసిన మనిషికి అది ముల్లు గుచ్చినట్టు ఉంటుంది.

రెండోది, పాట మధ్యలో వచ్చే పాట కానిది. ఫోన్ మోగడం, మెసేజీ టింగుమనడం, ఆన్‌లైన్ పాటల మధ్య అడ్వర్టైజ్‌మెంట్లు పాట కన్నా గట్టిగా రావడం. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే మళ్లీ ఆన్ చేసి, ముందే డౌన్‌లోడ్ చేసిన పాటలే వేయండి. పై హద్దు నాబ్ చేతిలో ఉన్నా, ఉలికిపాటు ఉలికిపాటే కదా.

ఏ పాటలు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. కొత్త సినిమా పాటలు చాలావరకు మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంతో ఉండేలా మిక్స్ చేస్తారు. చెవికి హుషారుగా ఉంటాయి గానీ ఎన్వలప్ చూస్తే చదునైన వరిచేను, గట్టూ పల్లమూ కనిపించదు. మోకాలికి మళ్లీ అదే చీమల బారు. పాత రికార్డింగుల్లో ఎత్తుపల్లాలు బతికి ఉన్నాయి. ఘంటసాల గొంతులో పద్యం సాగేటప్పుడు ఆ ఎత్తుపల్లాలు కరెంటులో కూడా తెలుస్తాయి. మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాదంతో వైద్యం మీద ఎంతో ఆసక్తి చూపినవారు. ఆయన కచేరీల్లో గాత్రం, మృదంగం ఒకదానికొకటి జాగా ఇచ్చుకునే చోట్లు ఈ పనికి చాలా బాగా సరిపోతాయి. పాతవి చాలావరకు మోనో కాబట్టి రెండు చానెళ్ల మిషన్‌లో రెండు జతల ప్యాడ్లకూ ఒకే ఊపు వస్తుంది, అది మంచిదే. స్టీరియో పాటల్లో వాద్యం ఎడమ నుంచి కుడికి పోతే మోకాలికి ఈ పక్క నుంచి ఆ పక్కకు పాకినట్టుంటుంది. కొందరికి అది సరదా, కొందరికి చిరాకు.

మీ నాన్నగారి మృదంగం విషయానికి వస్తే, ఫోన్‌లో ఈక్వలైజర్ తీసి కింది బేస్ భాగం కాస్త పెంచి, మధ్య భాగం తగ్గించండి. ఎడమ వైపు తొప్పి దెబ్బ స్పష్టంగా ముందుకొస్తుంది. ఆది తాళం నిదానంగా నడిచేటప్పుడు ఒక్కో దెబ్బ ఒక్కో అలలా తగులుతుంది. తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే మోగే భాగంలో, ముగింపు ముందు వచ్చే మోహరా దగ్గరికి వచ్చేసరికి దెబ్బలు దగ్గరైపోయి, దిగడానికి పెట్టిన 300 మిల్లీసెకండ్లలో కలిసిపోయి, కరెంటు నిండుగా ఒకే తీరుగా నిలబడుతుంది. అది మిషన్ తప్పు కాదు. దిగే సమయం 150కి తగ్గిస్తే కొంత విడివిడిగా తెలుస్తుంది గానీ గరుకుగా ఉంటుంది. రెండూ పెట్టి ఆయన్నే అడగండి, తాళం తెలిసిన మనిషి చెప్పేది మీటర్ చెప్పేదాని కన్నా నిజం.

ఒక హెచ్చరిక. మిషన్‌లో ఈఎంఎస్ అనే, కండను బిగించే మోడ్ కూడా ఉంటే, తొడ కండకు బలం రావాలని ఫిజియో దాన్ని కూడా రాసి ఉంటే, దానికి పాట కలపకండి. కండ బిగించే కరెంటు మెల్లగా ఎక్కాలి, పది సెకండ్లు ఆగాలి, తర్వాత అంతకన్నా ఎక్కువసేపు విశ్రాంతి కావాలి. డప్పు దెబ్బలకు కండ ఎగిరెగిరి పడితే అరిగిన మోకాలికి హాని. టెన్స్‌లో కూడా కండ కదిలేంత పెంచకూడదు. తగులుతోందని తెలియాలి, కదలకూడదు.

మీరు రాయనిది ఒకటి ఉంది, నాన్నగారికి షుగర్ ఉందా? ఉంటే ముందు ఆయన్ని కళ్లు మూసుకోమని, మోకాలి చుట్టూ దూదితో ఒకసారి, పుల్ల మొనతో ఒకసారి తాకి ఏది ఏదో చెప్పమనండి. తేడా తెలియకపోతే పాట సంగతి తర్వాత, టెన్స్ పెట్టొచ్చా లేదా అన్నదే ఫిజియోను మళ్లీ అడగాలి. స్పర్శ చచ్చిన చోట కాలినా తెలియదు. పేస్‌మేకర్ లాంటి పరికరం గుండెకు ఉంటే ఈ పని పూర్తిగా మానేయాలి. మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భవతులు, కాలి సిరల్లో రక్తం గడ్డ ఉందని చెప్పించుకున్నవాళ్లు, కేన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లు డాక్టరు నోటి మాట లేకుండా పెట్టుకోకూడదు. మిషన్ ఇంట్లో ఉంటే పక్కింటి వాళ్లు కూడా ఓసారి పెట్టమంటారు కాబట్టి ఇదంతా చెప్తున్నాను. మెడ ముందు భాగం, తల, ఛాతీ మీద ప్యాడ్లు ఎవరికీ వద్దు. ఒక ప్యాడ్ ఒక చేతికి, ఇంకోటి రెండో చేతికి అసలే వద్దు, కరెంటు గుండె మీదుగా పోతుంది.

చర్మం గురించి. మన ఇళ్లలో మోకాలికి కొబ్బరి నూనో, బామో రాయకుండా ఉండరు. నూనె ఉన్న చోట ప్యాడ్ సగమే అంటుకుంటుంది. మిషన్ మాత్రం అంతే కరెంటు పంపాలని చూస్తుంది. అంటిన ఆ కాస్త జాగాలోంచే మొత్తం పోయి చురుక్కుమంటుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. మన తేమకు ప్యాడ్ జిగురు త్వరగా చెడుతుంది, వాడాక వాటి ప్లాస్టిక్ కాగితం మీద అంటించి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. అంచులు లేస్తున్న ప్యాడ్‌కు టేపు వేసి నడిపించవద్దు, కొత్తవి కొనండి. ఫిజియో దగ్గరకు తీసుకెళ్లినప్పుడు పక్క బల్ల మీద షార్ట్ వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో ఒంటి లోపల వేడి పెట్టే మిషన్) నడుస్తుంటే టెన్స్ ఆన్ చేయకండి, అది దీన్ని తికమక పెడుతుంది.

మొదటి సాయంత్రం ఇలా చేయండి. నాబ్ సున్నాలో ఉంచి ప్యాడ్లు అంటించి, వైర్లు, జాక్‌లు అన్నీ బిగించండి. పాట మొదలుపెట్టి ఒక నిమిషం ఊరికే విననివ్వండి. ఆ పాటలో అన్నిటికన్నా గట్టి భాగం ఎక్కడుందో ముందే చూసుకుని, అది నడుస్తున్నప్పుడే నాబ్‌ను గీత గీతగా పెంచండి. మెల్లటి భాగంలో పెంచితే లెక్క తప్పుతుంది. ‘ఆయ్, ఇప్పుడు బాగుంది’ అని ఆయన అన్న చోట ఆపి, ఒక అర గీత వెనక్కి తిప్పండి. నాబ్ ఆయన చేతికి అందేలా పెట్టండి, మీ చేతిలో కాదు. ముగించేటప్పుడు నాబ్ సున్నాకు తెచ్చి, తర్వాత పాట ఆపి, ఆఖరున ప్యాడ్లు తీయండి. పాట వింటూ నిద్రపోయే అలవాటు ఉంటే పక్కన ఎవరైనా కూర్చోవాలి, మిషన్‌లో టైమర్ 30 నిమిషాలకు పెట్టి ఉండాలి. తీశాక చర్మం కాస్త ఎర్రగా ఉండటం మామూలే, కాసేపటికి పోవాలి. పోకపోతే, బొబ్బలా లేస్తే, మర్నాడు పెట్టకుండా ఫిజియోకు చూపించండి.

మీ దగ్గరున్న మిషన్ నాబ్ రకమా, బటన్ల రకమా, వెనక స్టిక్కర్ మీద పల్స్ వెడల్పు, గరిష్ఠ మిల్లీఆంపియర్లు ఎంతని ఉన్నాయి, ఆడియో లేదా ‘ఆక్స్’ అని రాసిన రంధ్రం ఏమైనా ఉందా, ఇవి రాయండి. బటన్ల రకమైతే దాన్ని అలాగే మాడ్యులేషన్ మోడ్‌లో పెట్టి, పక్కన స్పీకర్లో మృదంగం వేసి వారం రోజులు చూడండి. నేను చూసిన ఇళ్లలో కొందరికి ఆ మాత్రం సరిపోయింది.